ఉరుముల వానలో చినుకు లావు నిమిషానికోలా ఎందుకు మారుతుంది?

కనిగిరి వైపు పొగాకు నారుమళ్ళు పోసుకునే మీరు అడిగిన ప్రశ్నలు మూడు. ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాల్లో పడమటి నుంచి ఉరుముతూ వచ్చే వాన మొదట పెద్ద పెద్ద చినుకులను అక్కడొకటి ఇక్కడొకటిగా రాల్చి, ఆపైన కుండపోతగా మారి, చివరకు సన్నబడుతుంది, ఇది ఎందువల్ల అన్నది మొదటిది. తొలి చినుకు ఎంత లావుంటే వాన అంత గట్టిగా కురుస్తుందన్న నమ్మకంలో నిజమెంత అన్నది రెండవది. నవంబరులో వాయుగుండం పట్టి రోజంతా కురిసినా అంత లావు చినుకులు ఎందుకు కనబడవన్నది మూడవది. మూడింటికీ మూలం ఒకటే కాబట్టి కలిపే సమాధానం రాస్తున్నాను.

నేల మీద నిలబడిన మనిషి చూసేది మబ్బులో తయారైన చినుకులన్నింటినీ కాదు. పైకి లేచే గాలి కొన్నింటిని పడనివ్వదు. పడే వేగంలోని తేడా మిగిలినవాటిని ముందువెనుకలుగా విడదీస్తుంది. మబ్బు కింద ఉన్న పొడిగాలి చిన్నవాటిని దారిలోనే ఆవిరి చేస్తుంది. ఒకదానినొకటి గుద్దుకోవడం వల్ల పెద్దవి పగులుతాయి. ఈ నాలుగింటిలో ఏ నిమిషానికి ఏది పైచేయిగా ఉంటే ఆ నిమిషంలో పడే చినుకు లావు దాని మీద ఆధారపడుతుంది. అందుచేత వాన ఉధృతికీ చినుకు లావుకూ ఉన్న సంబంధం మనం అనుకునేంత సూటిది కాదు.

కొన్ని కొలతలు ముందుగా దగ్గర పెట్టుకుంటే మిగతాది తేలిక. మబ్బులోని నీటి కణం వ్యాసం సుమారు 0.02 మి.మీ. ఉంటుంది. 2 మి.మీ. వాన చినుకు ఒకటి తయారు కావడానికి అలాంటి కణాలు పది లక్షలు కలవాలి, ఎందుకంటే వ్యాసం వంద రెట్లయితే ఘనపరిమాణం పది లక్షల రెట్లవుతుంది. నిశ్చలమైన గాలిలో పడే చినుకు కొంత దూరం పోయాక నిలకడైన వేగాన్ని అందుకుంటుంది. గన్, కింజర్ అనే ఇద్దరు 1949లో ప్రకటించిన కొలతలనే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. వాటి ప్రకారం 0.5 మి.మీ. చినుకు సెకనుకు 2 మీటర్లు, 1 మి.మీ. చినుకు 4 మీటర్లు, 2 మి.మీ. చినుకు ఆరున్నర మీటర్లు, 3 మి.మీ. చినుకు 8 మీటర్లు, 5 మి.మీ. చినుకు 9 మీటర్లకు కొద్దిగా పైన పడతాయి. 3 మి.మీ. దాటాక వేగం పెద్దగా పెరగకపోవడానికి కారణం ఆకారం. బొమ్మల్లో గీసే కన్నీటి చుక్క రూపం వాన చినుకుకు ఎప్పుడూ ఉండదు. 1 మి.మీ. వరకు అది దాదాపు గుండ్రంగానే ఉండి, లావైన కొద్దీ కింది నుంచి గాలి ఒత్తిడికి అడుగు చదునై, పైన ఉబ్బుగా, పళ్ళెంలో పెట్టిన ఇడ్లీ మాదిరి తయారవుతుంది. అలా చదునైనదానికి గాలి అడ్డు ఎక్కువ. 5, 6 మి.మీ. దాటితే అడుగు లోపలికి పొంగి, సంచిలా ఉబ్బి, చివరకు పగిలిపోతుంది. ఇంతకంటే లావు చినుకులు అసలు లేవని కాదు. బ్రెజిల్ మీదా, పసిఫిక్‌లోని మార్షల్ దీవుల మీదా విమానం నుంచి తీసిన కొలతల్లో కనీసం 8.8 మి.మీ. ఉన్నవి దొరికాయని హాబ్స్, రాంగ్నో 2004లో ప్రకటించారు. అవి అరుదు, వాటిని లెక్కలోకి తీసుకుని మన వానల గురించి ఆలోచించనక్కరలేదు.

ఇక మీరు చూసే సెప్టెంబరు మబ్బు సంగతి. పగలంతా కాగిన నేల, వెలిగొండల వాలు, మధ్యాహ్నం తర్వాత తూర్పు నుంచి లోపలికి వచ్చే సముద్రపు గాలి కలిసి గాలిని పైకి నెడతాయి. బైయర్స్, బ్రహామ్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్తల నాయకత్వంలో 1946లో ఫ్లోరిడాలోనూ 1947లో ఒహాయోలోనూ విమానాలను ఉరుముల మబ్బుల్లోకే పంపి చేసిన పరిశీలనలో, ఒక్కొక్క మబ్బు గూటికి, అంటే గాలి ఒక్కటిగా లేచి దిగే మబ్బు భాగానికి, పెరుగుదల, పరిపక్వత, క్షీణత అనే మూడు దశలుంటాయని, మొత్తం ఆయుష్షు అరగంట నుంచి గంట వరకని తేలింది. పెరిగే దశలో గాలంతా పైకే పోతుంది. గాలి సెకనుకు 9, 10 మీటర్ల వేగంతో లేస్తున్న చోట ఏ చినుకూ కిందికి రాలేదు, 5 మి.మీ. చినుకు కూడా ఉన్నచోటనే తేలుతుంది. అక్కడి నీరు ఇంకా పైకి పోయి గడ్డకడుతుంది. మన ప్రాంతంలో వానాకాలంలో సున్నా డిగ్రీల మట్టం నేల నుంచి సుమారు 5 కి.మీ. ఎత్తున ఉంటుంది. దానిపైన మంచు పలుకులు అతిశీతల నీటి కణాలను, అంటే సున్నా డిగ్రీల కంటే చల్లబడినా ఇంకా గడ్డకట్టని వాటిని, అంటించుకుంటూ గ్రాపెల్ అనే బోలు గుళికలుగానూ, గాలి బలంగా ఉంటే గట్టి వడగళ్ళుగానూ పెరుగుతాయి. ఇవి గాలి బలహీనపడిన అంచుల నుంచి జారి, ఆ మట్టం కిందికి వచ్చి కరుగుతాయి. 5 మి.మీ. గ్రాపెల్ గుళికలో సగానికి పైగా గాలే ఉంటుంది కాబట్టి అది కరిగితే మూడున్నర మి.మీ. పైచిలుకు చినుకవుతుంది. చిన్న వడగల్లు కరిగితే అంతకంటే లావైనది వస్తుంది. కోస్తాలో చాలా మబ్బుల్లో వడగళ్ళు ఉన్నా మన నెత్తిన అరుదుగా పడటానికి కారణం, అవి 5 కి.మీ. వెచ్చని గాలిలోంచి దిగి రావలసి ఉండటమే. అంటే మీ పొలంలో పడిన తొలి లావు చినుకుల్లో చాలా వాటికి పుట్టుక మంచే.

లావువే ముందు ఎందుకు వస్తాయన్న దానికి లెక్క చేతిలోనే ఉంది. 3 కి.మీ. ఎత్తు నుంచి ఒకేసారి బయలుదేరితే 5 మి.మీ. చినుకు ఐదున్నర నిమిషాల్లో నేలకు చేరుతుంది, 1 మి.మీ. చినుకుకు పన్నెండు నిమిషాలు దాటుతుంది, 0.5 మి.మీ. చినుకుకు ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. ఇది నిశ్చలమైన గాలి లెక్క, పైన గాలి పలచన కావడం వల్ల వేగాలు కొంత ఎక్కువగా ఉన్నా వరుస మాత్రం మారదు. అదే చోట సెకనుకు 4 మీటర్ల చొప్పున గాలి పైకి లేస్తుంటే 1 మి.మీ. చినుకు అసలు దిగదు, 5 మి.మీ. చినుకు మాత్రం 5 మీటర్ల వేగంతో దిగుతుంది. మబ్బు ముందుభాగంలో జరిగేది సరిగ్గా ఇదే. దీనికి తోడు, పడమటి నుంచి కదిలి వచ్చే మబ్బుకు తూర్పు నుంచి తేమగాలి ఎదురుగా దూరుతుంది, ఆ గాలి చిన్న చినుకులను వెనక్కి, అంటే వాన నడిబొడ్డు వైపు తోసేస్తుంది. పెద్దవి అంత తొందరగా దిగుతాయి గనుక వాటిని ఎక్కువ దూరం తొయ్యలేదు. మబ్బుతో పోల్చుకుంటే గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తోందనుకుంటే, పైన చెప్పిన ఏడు నిమిషాల తేడాలో 5 మి.మీ., 1 మి.మీ. చినుకులు నేల మీద రెండు కి.మీ. ఎడంగా పడతాయి. మీ ఊరికి పక్క ఊరికి మధ్య ఉండే దూరం అది.

ఆవిరి కావడాన్ని చివరకు ఉంచాను, ఎందుకంటే చాలామంది దానినే మొత్తం కారణంగా చెబుతారు, నా ఉద్దేశంలో అది రెండో స్థానంలో ఉండవలసినది. మబ్బు అడుగు ఎంత ఎత్తున ఉందో తెలుసుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది: గాలి ఉష్ణోగ్రతలోంచి, ఆ గాలిలోని తేమ నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రతను తీసివేసి, వచ్చిన డిగ్రీలను 125తో గుణిస్తే మీటర్లలో ఎత్తు వస్తుంది. రోహిణి కార్తెలో 42 డిగ్రీల ఎండకు తేమ ఉష్ణోగ్రత 20 డిగ్రీలైతే మబ్బు అడుగు 2,750 మీటర్ల ఎత్తున ఉంటుంది. సెప్టెంబరులో 33కు 23 ఉంటే 1,250 మీటర్లు. నవంబరు ముసురులో 27కు 23 ఉంటే 500 మీటర్లు. రోహిణి కార్తె గాలివానలో ఉరుములు ఎన్ని ఉన్నా నాలుగు లావు చినుకులు రాల్చి మబ్బు వెళ్ళిపోవడానికి ఈ ఎత్తు ముఖ్యకారణం. అర మి.మీ. లోపు చినుకులు అంత పొడిగాలిలో దాదాపు నేలకు చేరవు. అవి ఆవిరవుతూ చల్లబరచిన గాలే బరువెక్కి కిందికి దూకి, వానకు ముందు దుమ్ము లేపుతూ వచ్చే ఈదురుగాలి అవుతుంది. సెప్టెంబరులో ఈ వడకట్టు అంత తీవ్రంగా ఉండదు, అయినా లావు చినుకులే ముందు పడతాయి. దీనినిబట్టి మూలకారణం పడే వేగమూ పైకి లేచే గాలీ అని చెప్పవచ్చు.

కుండపోత మొదలైన తర్వాత లెక్క మారుతుంది. ఇప్పుడు అన్ని పరిమాణాల చినుకులూ ఒకే గాలిలో ఉన్నాయి, లావువి వేగంగా దిగుతూ సన్నవాటిని వెనుక నుంచి అందుకుంటాయి. తాకిడి మెత్తగా ఉంటే రెండూ కలిసిపోతాయి. గట్టిగా ఉంటే క్షణకాలం కలిసి, ఆ వెంటనే దారంలా సాగి, లేదా పలచని రేకులా, పళ్ళెంలా పరుచుకుని చిన్న తుంపరలుగా చిట్లుతాయి. లో, లిస్ట్ అనే శాస్త్రవేత్తలు 1982లో ప్రయోగశాలలో ఈ మూడు తీరులనూ విడదీసి చూపారు. మామూలు వానలో పెద్ద చినుకుల పరిమాణానికి హద్దు పెట్టేది, చినుకు తనంత తాను పగలడం కంటే ఎక్కువగా ఈ తాకిడే. గంటకు 50, 100 మి.మీ. చొప్పున కురిసే వానలో కలవడమూ చిట్లడమూ సమతూకానికి దగ్గరవుతాయి, ఆ స్థితిలో వాన ఇంకా పెరిగితే చినుకుల సంఖ్య పెరుగుతుంది గాని లావు పెద్దగా పెరగదు. మీకు చినుకులు సన్నబడినట్టు కనిపించడంలో కొంత భాగం నిజంగా సగటు తగ్గడం, కొంత భాగం లెక్కలేనన్ని నడితరగతి చినుకుల మధ్య లావువి కంటికి ఆనకపోవడం. తొలి నిమిషంలో పడినంత లావువి నడివానలోనూ ఉంటాయి, నిజానికి ఎక్కువే ఉంటాయి.

వాన తోక భాగం గురించి ఒక్క మాట సరిదిద్దుకోవాలి. వడిగల వాన ఆగిన వెంటనే వచ్చే సన్నటి జల్లు ఒకటి, ఆ తర్వాత మబ్బు పైభాగం పరుచుకుని అరగంటో గంటో నిలకడగా కురిసే వాన ఇంకొకటి. మొదటిదానిలో చినుకులు సన్నవి, అవి వెనుకబడి దిగినవి. రెండవదానిలో పైన మంచు పలుకులు ఒకదానికొకటి అంటుకుని పెద్ద గుత్తులై నెమ్మదిగా దిగి కరుగుతాయి, చినుకులు తక్కువగానే ఉన్నా ఒక్కొక్కటి చెప్పుకోదగ్గ లావుంటుంది. టోకే, షార్ట్ 1996లో పసిఫిక్‌లోని ఒక పగడపు దీవి కొలతలతో చూపినదేమంటే, గంటకు అన్నే మి.మీ. కురిసే రెండు వానల్లో, ఉరుముల గూటి వానలో సన్న, నడితరగతి చినుకులు ఎక్కువగానూ, పరుచుకున్న మబ్బు వానలో లావువి ఎక్కువగానూ ఉంటాయని. వినడానికి తలకిందులుగా ఉన్నా, ముసలి మబ్బు వెనుక నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది.

మీ మూడో ప్రశ్నకు జవాబు మనకు దగ్గర్లోనే దొరికింది. తిరుపతి సమీపంలోని గాదంకి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో చినుకు తాకిడిని కొలిచే డిస్‌డ్రోమీటరుతో నైరుతి, ఈశాన్య రుతుపవన కాలాల వానలను పోల్చి చూశారు. వాన తీవ్రత సమానంగా ఉన్నప్పుడు నైరుతి కాలపు చినుకులు లావుగానూ, ఈశాన్య కాలపువి సన్నగానూ ఉన్నట్టు తేలింది. అక్కడి 53 మెగాహెర్ట్జ్ రాడారుకు ఒక సౌకర్యం ఉంది. అది వాన పడుతున్నప్పుడు కూడా గాలి నిలువు కదలికనూ చినుకు పడే వేగాన్నీ విడివిడిగా చూడగలదు, కనుక నేల మీదే కాక పైన ఏ ఎత్తున ఏ పరిమాణం ఉందో అంచనా కట్టవచ్చు. నైరుతి కాలంలో మన వైపు వానలు పగటి వేడికి నేల మీద లేచే మబ్బులవి: దుమ్ము ధూళి ఎక్కువ గనుక మబ్బు కణాలు చిన్నవిగా, లెక్కకు మిక్కిలిగా ఉండి, తొందరగా కలవలేక పైకి పోయి మంచుగా మారతాయి, గాలి ఉధృతంగా లేస్తుంది, మబ్బు అడుగు ఎత్తు. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా తెచ్చే ఈశాన్య కాలపు మబ్బులు బంగాళాఖాతం మీదివి: కణాలు తక్కువ, ఒక్కొక్కటి పెద్దది, మంచు అవసరం లేకుండానే కలిసి చినుకులవుతాయి, పైకి లేచే గాలి నెమ్మది, సన్నవి కూడా ఆవిరి కాకుండా నేల చేరతాయి. ప్రపంచంలో వేర్వేరు చోట్ల ఉరుముల వానల కొలతలను బ్రింగి బృందం 2003లో కలిపి చూసినప్పుడు, ద్రవ్యరాశి లెక్కన చినుకు సగటు వ్యాసం సముద్రపు రకంలో 1.5 నుంచి 1.75 మి.మీ., భూభాగపు రకంలో 2 నుంచి 2.75 మి.మీ. ఉంది. 2015 నవంబరులో నెల్లూరును ముంచిన వానల వంటివి చినుకు లావు వల్ల కాక, ఎడతెగని చినుకుల సంఖ్య వల్ల ముంచుతాయి.

తొలి చినుకు లావును బట్టి వాన గట్టిదనం చెప్పగలమా అన్నదానికి కాదనే నా సమాధానం. లావు చినుకు పడిందంటే పైన గాలి బలంగా లేచే గూడు ఒకటి ఉందని మాత్రమే అర్థం. ఆ గూటి నడిబొడ్డు మీ మీదుగా పోతుందా, రెండు కి.మీ. ఉత్తరంగా పోతుందా అన్నది చినుకు చెప్పదు. రాడారు కూడా ఇక్కడ పొరబడుతుంది. ఒక అంచనా వేసి చూద్దాం. పది ఘనమీటర్ల గాలికి ఒక్కటి చొప్పున 5 మి.మీ. చినుకులు మాత్రమే పడుతున్నాయనుకోండి. ఆ వాన గంటకు 0.2 మి.మీ. మాత్రమే, వర్షమాపకంలో అడుగు తడవడమే గొప్ప. కాని రాడారుకు తిరిగి వచ్చే సంకేతం చినుకు వ్యాసం ఆరో ఘాతం మీద ఆధారపడుతుంది, ఒక్క 4 మి.మీ. చినుకు, 1 మి.మీ. చినుకులు 4,096 కలిసినదానితో సమానంగా కనిపిస్తుంది. మార్షల్, పామర్ 1948లో ఇచ్చిన పరిమాణాల వరుస ఆధారంగా వాడుకలోకి వచ్చిన సూత్రంలో మన ఊహా వానను పెడితే గంటకు మూడున్నర మి.మీ. అని వస్తుంది, అంటే ఉన్నదానికి పదిహేను రెట్లకు పైగా. శ్రీహరికోట, చెన్నై రాడారు బొమ్మల్లో మబ్బు ముందంచు రంగు ముదిరి ఉండి, కింద ఊళ్ళో నాలుగు చినుకులే పడ్డాయని జనం వాతావరణ శాఖను తప్పుపట్టినప్పుడు, చాలాసార్లు జరిగేది ఇదే. అడ్డంగానూ నిలువుగానూ రెండు తరంగాలు పంపే కొత్తరకం రాడార్లు చినుకు చదును తెలుసుకోగలవు గనుక ఈ పొరపాటును చాలావరకు సరిచేస్తాయి.

ఇదే ఊహా వానలో సాధనాల తిప్పలు కూడా చూడండి. లేజరు డిస్‌డ్రోమీటరు చినుకులను పరిమాణంలో 32, వేగంలో 32 తరగతులుగా విడగొడుతుంది, కాని అది చూసే జాగా 54 చదరపు సెంటీమీటర్లు, అరచేయి కంటే తక్కువ. చదరపు మీటరుకు సెకనుకు ఒక్క చినుకు కూడా నిండని ఆ వానలో దానికి మూడు నిమిషాలకు పైగా ఒక్క చినుకు కూడా తగలకపోవచ్చు. మీ పశువుల కొట్టం మీది పది చదరపు మీటర్ల రేకు మీద మాత్రం సెకనుకు తొమ్మిది టపటపలు వినిపిస్తాయి. వాన తొలి నిమిషాన్ని వినడానికి రేకును మించినది లేదని నేను ఎప్పుడూ అంటుంటాను, పరికరాలు నడిపే కుర్రవాళ్ళకు అది నచ్చదు.

నారుమడి మాట మీరు అడగలేదు గాని, అసలు గుబులు దాని గురించేనని ఊహిస్తున్నాను. 5 మి.మీ. చినుకు బరువు 1 మి.మీ. చినుకుకు 125 రెట్లు, వేగం రెండు రెట్లకు పైన, తాకిడి శక్తి ఆరువందల రెట్లకు పైన. అన్నే మి.మీ. వాన లావు చినుకులుగా పడినప్పుడు నేలకు అందే మొత్తం శక్తి, సన్న చినుకులుగా పడినదానికి ఐదు రెట్లు. ఎర్రనేలలో అది మట్టిని చిట్లగొట్టి, నలుసుగా మార్చి, ఆరాక గట్టి పొర కట్టిస్తుంది. పొగాకు విత్తనం ఇసుకరేణువుకన్నా చిన్నది, చోటు నుంచి లేచిపోతుంది, మొలిచిన మొక్క ఆకుల మీదికి మట్టితోపాటు తెగులూ ఎగురుతుంది. మడి మీద పలచగా పరిచిన వరిగడ్డి నీటిని ఆపడానికి కాదు, ఈ తాకిడిని విరవడానికి. మొలక తర్వాత గడ్డిని పలచబరిచే రోజుల్లో పడమట మబ్బు లేస్తే ఆ సాయంత్రానికి దానిని అలాగే ఉంచడం మేలు.

చినుకులను మీరే కొలవాలనుకుంటే మైదాపిండి చాలు. అమెరికాలో వెర్మాంట్ రైతు విల్సన్ బెంట్లీ 1904లో ప్రకటించిన పద్ధతి ఇది, 1943లో లాస్, పార్సన్స్ దానిని మెరుగుపరిచారు. ఒక అడుగు వెడల్పున్న పళ్ళెంలో జల్లించిన మైదాను రెండున్నర సెం.మీ. మందాన, నొక్కకుండా, స్కేలుతో చదును చేసి మూత పెట్టండి. కుండపోతలో రెండు సెకన్లు మూత తీస్తే చాలు. తొలి చినుకుల వేళ మాత్రం అర నిమిషమైనా తెరిచి ఉంచాలి, లేకపోతే పళ్ళెంలో ఒక్కటి కూడా పడకపోవచ్చు. పడిన ప్రతి చినుకూ ఒక పిండి గోలీ కడుతుంది, రాత్రంతా ఆరనిచ్చి జల్లెడ పడితే గోలీలు మిగులుతాయి. ఏ గోలీ ఏ చినుకుకు సమానమో తెలియడానికి, సూది తీసిన సిరంజిలో 1 మి.లీ. నీరు ఎన్ని చుక్కలుగా రాలుతుందో లెక్కపెట్టి, అవే చుక్కలను మిద్దె పైనుంచి కింద పెట్టిన అదే రకం మైదాలోకి వదలండి. 1 మి.లీ.కి 20 చుక్కలైతే ఒక్కొక్కటి 4.6 మి.మీ. చినుకన్నమాట. వేర్వేరు మొనలతో రెండు మూడు పరిమాణాలకు ఇలా చేసి గోలీలను పక్కన పెట్టుకున్నాక, వాన గోలీలను వాటితో పోల్చి రాసుకోవచ్చు. ప్రతి పళ్ళెం మీద గంట, నిమిషంతో సహా సమయం రాయడం మరవకండి.